బాండు తీరితే ఋణం తీరుతుందా?

పోయిన ఏడాది వైద్య పీజీ సీట్లు కేటాయిస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి తన నాయనను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎం.బి.బి.ఎస్. ముగించి, హౌస్ సర్జన్‌గా ఏడాది చేసి, పీజీ ప్రవేశపరీక్ష రాసిన పిల్ల. చేతిలో రెండు కాగితాల కట్టలు. రెండూ బాండు నమూనాలే. ఒకటి సైన్యానికి చెందిన వైద్య సంస్థలో జనరల్ సర్జరీ సీటుకు. రెండోది మన తమిళనాడు ప్రభుత్వ కళాశాలలో అదే జనరల్ సర్జరీ సీటుకు. రెండు చోట్లా అవకాశం ఉంది, ఒక్కటే ఎంచుకోవాలి, గడువు నాలుగే రోజులు.

"పెదనాయనా, నువ్వు ఉద్యోగమంతా సంతకాలు చూసినవాడివి. ఈ రెంటిలో దేనిమీద పెట్టమంటావు?" అని అడిగింది.

నేను వైద్యం తెలిసినవాణ్ని కాను. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ని. అయితే ఆ పిల్ల అన్నదాంట్లో ఒక నిజం ఉంది. సంతకం పెట్టేటప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో, అయిదేళ్ల తరువాత అదే సంతకం చూపించి అడిగితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకని "కూచో అమ్మా, చూద్దాం" అన్నాను. ఆ సాయంత్రం మొదలైన మాట నాలుగు రోజులు సాగింది. చివరికి ఆ పిల్ల నిర్ణయం తను చేసుకుంది. నా మనసులో మాత్రం ప్రశ్న ఇంకా ఉంది. దాన్నే మన పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు వాళ్ల నాయన అభ్యంతరం చెప్పాలి. "ఆడపిల్లకు మిలిటరీ ఏంది అన్నా? ఎక్కడో మంచుకొండల్లో వేస్తారు. మనకేమన్నా అలవాటా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ దక్షిణదేశానికి మన తెలుగువాళ్లు ఎలా వచ్చారని అడిగితే, విజయనగరం వారి దండుతో వచ్చాం, నాయకరాజుల వెంట వచ్చాం అని మన ఇళ్లలో ముసలివాళ్లు చెప్పుకుంటూనే ఉంటారు. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదకు కథాస్థలంగా ఎంచుకున్న విల్లిపుత్తూరు మా వత్రాప్‌కు పొరుగూరే. దండు వెంట వచ్చిన జాతి నాలుగైదు వందల ఏళ్లు ఒకచోట పొలం దున్నుకున్నాక, దండు అంటే మనకెందుకు అంటున్నది! ఇక ఆడపిల్ల సంగతంటారా, మన తిరుపతిలో పుట్టిన పద్మావతి బందోపాధ్యాయ్ వైమానికదళంలో డాక్టరుగా చేరి ఎయిర్ మార్షల్ అయింది. మన దేశంలో ఆ హోదా అందుకున్న మొదటి స్త్రీ ఆమే. కాబట్టి ఆ అభ్యంతరం ఎంతోసేపు నిలవలేదు. అసలు చిక్కు వేరే ఉంది.

రెండు దారులూ ఏమిటో చెబుతాను. మన సైన్యంలో వైద్యులకు ఆర్మీ మెడికల్ కోర్ అని ఒక శాఖ ఉంది. 1943 ఏప్రిల్ 3న, అప్పటికి విడివిడిగా ఉన్న వైద్య సర్వీసులను కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. 'సర్వే సంతు నిరామయాః' అన్నది దాని ధ్యేయవాక్యం. పూనాలో సాయుధ దళాల వైద్య కళాశాల 1948లో మొదలైంది. ఆ కళాశాలలోనూ, ఢిల్లీ, బెంగుళూరు, లక్నో, కలకత్తా, బొంబాయి నగరాల్లోని పెద్ద సైనిక ఆస్పత్రుల్లోనూ పీజీ చదువు ఉంది. సీట్లలో మొదటి ప్రాధాన్యం అప్పటికే సైన్యంలో పనిచేస్తున్న వైద్యాధికారులది. మిగిలినవాటిలో కొన్ని, చదువయ్యాక షార్ట్ సర్వీస్ కమిషన్ మీద యూనిఫారం వేసుకుని పనిచేస్తామని రాసిచ్చే బయటివాళ్లకు వస్తాయి. ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. లేహ్ అయినా, అస్సాం అయినా, అండమాన్ అయినా సరే.

రెండో దారి మనకు తెలిసిందే. ప్రభుత్వ కళాశాలలో మూడేళ్ల పీజీ. రాత్రీపగలూ వార్డు డ్యూటీలు. చదువయ్యాక ప్రభుత్వం చూపించిన ఆస్పత్రిలో కొంతకాలం పనిచేస్తామని బాండు. ఆ కాలం ఎంత, పనిచేయకపోతే కట్టాల్సిన సొమ్ము ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టీ, ఏడాదిని బట్టీ మారుతూ ఉంటుంది. మొత్తానికి ఇక్కడా బాండే, అక్కడా బాండే. తేడా ఏమిటంటే ఒకటి దేశం పేరుమీద పిలుస్తుంది, రెండోది ఊరి పేరుమీద పిలుస్తుంది.

ఇలా చూడగానే చాలామంది, మొదటిది త్యాగం, రెండోది సదుపాయం అని తేల్చేస్తారు. కాదు, మొదటిది హోదా, పింఛను వాసన, రెండోది నిజమైన సేవ అని మరికొందరు తిప్పి చెబుతారు. రెండూ పొరపాటేనని నాకనిపిస్తుంది.

కొరియా యుద్ధం సంగతి చూడండి. 1950లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు చాలా అక్కడికి పోరాడే దళాలను పంపితే, మన దేశం ఒక వైద్యదళాన్ని పంపింది. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ దాని పేరు. దాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ మన మద్రాసు ప్రాంతం వాడే. గాయపడిన సైనికులకే గాక అక్కడి మామూలు జనానికీ ఆ దళం వైద్యం చేసింది. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. యూనిఫారం వేసుకున్న డాక్టరు చేసిన పని, ఏ ధర్మాస్పత్రి డాక్టరు పనికీ తీసిపోదని అది చెబుతుంది.

దీనికి పక్కన ఇంకొక మనిషిని పెట్టి చూడండి. మన పద్మశాలీలు వేలాదిగా వలసపోయి స్థిరపడిన షోలాపూరు మీకు తెలుసుగదా. ఆ ఊరివాడు డాక్టర్ ద్వారకానాథ్ కొట్నీస్. బొంబాయిలో వైద్యం చదివి పై చదువుకు సిద్ధమవుతున్నాడు. జపాను దాడికి గురైన చైనాకు కాంగ్రెసు వారు 1938లో అయిదుగురు వైద్యులను పంపారు. చదువు పక్కన పెట్టి ఆయన వాళ్లలో ఒకడుగా పోయాడు. తక్కినవాళ్లు తిరిగి వచ్చినా ఆయన రాలేదు. అక్కడి సైనికులకు శస్త్రచికిత్సలు చేస్తూ, 1942 డిసెంబరులో 32 ఏళ్ల వయసులో అక్కడే చనిపోయాడు. ఆయన ఏ బాండూ రాయలేదు. రాయకపోతే సీటు రాదనే భయమూ లేదు. పోయింది పరాయి దేశపు సైన్యంలోకి, చేసింది వైద్యం.

ఈ ఇద్దరినీ చూశాక, సైన్యమా, ఊరా అనే తక్కెడలో సేవ బరువు తూచలేమని నాకు తెలిసింది. అయినా, నిజం చెబుతున్నాను, ఆ పిల్ల ఇక్కడే ఉండాలని నా ఆశ. అందుకని నా వాదన నేను పెట్టాను.

"తల్లీ, యుద్ధం సరిహద్దుల్లోనే ఉందనుకోకు. శివకాశి ఎంత దూరం మనకు? 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి నలభైమంది దాకా పోయారు. 2021 ఫిబ్రవరిలో సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో ఇంకొకటి. అక్కడా ఇరవైమంది దాకా పోయారు. నడుమన చిన్నవి ఎన్నో. ఒళ్లు కాలినవాళ్లను మదురై దాకా మోసుకుపోవాల్సిన గతి. 2022లో విరుదునగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిందే, దాంట్లో పనిచేసే సర్జన్లు ఎక్కడినుంచి రావాలి? ఇంకొక మాట. మన చుట్టుపక్కల ఊళ్లల్లో ముసలమ్మలు అరవం ఎంత మాట్లాడినా, నొప్పి వచ్చినప్పుడు తెలుగులోనే మూలుగుతారు. అది వినే డాక్టరు ఎంతమంది ఉన్నారు?" అన్నాను.

ఆ పిల్ల చప్పున, "మద్రాస్ రెజిమెంటులో తెలుగులో మూలిగే జవాను ఉండడా పెదనాయనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

మరునాడు నేనే ఇంకొక ప్రశ్నతో పోయాను. ఈ ప్రశ్న మన దేశానిదే కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలకూ ఉంది. అక్కడ సైన్యం ఖర్చుతో వైద్యం చదివే పద్ధతి ఒకటుంది. అలా చదివినవాళ్లు ఎన్నేళ్లు చదివించుకుంటే సుమారుగా అన్నేళ్లు కొలువు చేయాలి. రెసిడెన్సీకి ముందు సైనిక ఆస్పత్రులకే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఫలితాలు డిసెంబరులో వస్తాయి. బయటి ఆస్పత్రుల ఫలితాలు మార్చిలో. సైన్యం అనుమతిస్తేనే బయట రెసిడెన్సీ చేసి తరువాత కొలువుకు పోవచ్చు. వియత్నాం యుద్ధకాలంలో ఇదే విషయం మీద 'బెర్రీ ప్లాన్' అని ఒక ఏర్పాటు ఉండేది. నిర్బంధ సైనికసేవ ఉన్న రోజులవి. డాక్టర్లు ముందుగా ఒప్పుకుంటే, రెసిడెన్సీ ముగించుకునే దాకా వాళ్ల పిలుపును వాయిదా వేసేవారు.

ఆ ఏర్పాటు కింద సైన్యంలోకి వచ్చిన చర్మవైద్యుడు కెప్టెన్ హోవర్డ్ లెవీ. ప్రత్యేక దళాల సిపాయిలకు చర్మవ్యాధుల వైద్యం నేర్పమని పై అధికారి ఆజ్ఞ ఇస్తే, యుద్ధంలో రాజకీయ ప్రయోజనానికి వైద్యాన్ని వాడుకుంటున్నారని ఆయన నేర్పనన్నాడు. ఆ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు కూడా. 1967లో సైనిక న్యాయస్థానం ఆయనకు మూడేళ్ల శిక్ష వేసింది. 1974లో అమెరికా సుప్రీంకోర్టు కూడా సైన్యం పక్షానే తీర్పు చెప్పింది.

లెవీ చేసింది ఒప్పా తప్పా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. యూనిఫారంలో ఉన్న డాక్టరు ఎవరి డాక్టరు? రోగికా, దళానికా? గాయపడిన సిపాయిని బాగుచేసేది అతని కోసమా, మళ్లీ తుపాకి పట్టించటానికా? ఈ చిక్కు తనకు వస్తే ఏం చేస్తుందో ఆలోచించుకోమన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుని కాసేపు ఊరుకుంది. తరువాత, "బయటి డాక్టరు మాత్రం ఎవరి డాక్టరు పెదనాయనా? నెలకు ఇన్ని స్కానులు రాయాలి, ఇన్ని ఆపరేషన్లు తేవాలి అని చెప్పే ఆస్పత్రులు లేవా? అక్కడ రోగి పక్కన నిలబడితే జైలుకు పంపరు, ఉద్యోగంలోంచి పంపుతారు. అంతే తేడా" అంది. ఇద్దరు యజమానుల నడుమ నిలబడటం డాక్టరు పనిలోనే ఉందనీ, అది ఖాకీ బట్టతో రాదనీ, తెల్లకోటుతో పోదనీ ఆ పిల్ల చెప్పకనే చెప్పింది.

మూడోనాడు మాటల్లో అసలు సంగతి బయటపడింది. వాళ్ల నాయన చెప్పాడు. ఇక్కడి సీటు తీసుకుంటే, పీజీ ముగియగానే ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉద్యోగం ఇస్తుందట. ప్రభుత్వానికి కట్టాల్సిన బాండు సొమ్ము కూడా వాళ్లే కట్టేస్తారట. "ఇంక భయమేముంది అన్నా? సొమ్ము కట్టేస్తే బాండు తీరిపోయినట్టేగదా! నువ్వు బ్యాంకులో చూడలేదా?" అన్నాడు.

చూశాను. ఆయనకు తెలియనిది ఏమంటే, నేను చూడటమే కాదు, చేశాను కూడా.

చాలా ఏళ్ల క్రిందటి మాట. మా చుట్టాల అబ్బాయి ప్రభుత్వ సీటులో పీజీ చదివాడు. చదువయ్యాక కొండ కింద ఒక పల్లె ఆస్పత్రిలో వేశారు. వాడికి పట్నంలో మంచి ఉద్యోగం సిద్ధంగా ఉంది. వాళ్ల నాయన నా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఉన్న బంగారం తెచ్చాడు. దేనికో నాకు తెలుసు. నగలు తూయించాను, నిబంధన ప్రకారం అప్పు ఇప్పించాను. వాడు బాండు సొమ్ము కట్టేశాడు. ఏడాదిన్నరలో అప్పు కూడా తీర్చేశాడు. నగలు విడిపించుకుపోయిన రోజు మిఠాయి పెట్టెతో వచ్చాడు. ఖాతా మూసేశాం. నా పుస్తకంలో ఒక్క మచ్చ లేదు.

తరువాత కొంతకాలానికి పంటరుణాల తనిఖీ మీద నేను ఆ పల్లె మీదుగా పోవలసి వచ్చింది. దాహం వేసి ఆగాను. ఎదురుగా అదే ఆస్పత్రి. లోపల డాక్టరు గదిలో కుర్చీ గోడవైపు తిప్పి పెట్టి ఉంది. మందులిచ్చే ఆయన వరుసగా నిలబడ్డవాళ్లకు అవే మాత్రలు పొట్లం కట్టి ఇస్తున్నాడు. చంకలో బిడ్డతో ఒకామె, "డాక్టరు ఎప్పుడొస్తాడు?" అని అడుగుతోంది. "వస్తాడు" అంటున్నాడు ఆయన. వస్తాడని ఆయనకూ నమ్మకం లేదు. ఎందుకు రాలేదో ఆ గుంపులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. సోడా తాగి జీపెక్కాను.

అప్పు తీరింది అని నా చేత్తో నేనే రాశాను. ఎవరి అప్పు తీరింది? బంగారం వాళ్లింటికి పోయింది. వడ్డీ బ్యాంకుకు వచ్చింది. బాండు సొమ్ము ఖజానాకు పోయింది. ఆ బిడ్డతల్లికి ఏం వచ్చింది?

ఇక్కడ మా కామర్సు చదువులోంచి ఒక సంగతి చెప్పాలి. బీకాంలో వ్యాపార న్యాయం అని ఒక పేపరు ఉండేది. 1872 నాటి కాంట్రాక్టుల చట్టం అందులో పాఠం. 74వ సెక్షను ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, కోర్టు ఆ మొత్తమంతా ఇప్పించాలని లేదు. ఆ సొమ్ముకు మించకుండా న్యాయమైన పరిహారం ఇప్పిస్తుంది. వర్తకుల నడుమ అది సబబే. అయితే ఆ సెక్షనుకే ఒక మినహాయింపు ఉంది. చట్టం ప్రకారమో, ప్రభుత్వ ఆజ్ఞ ప్రకారమో ప్రజాకర్తవ్యం నెరవేరుస్తానని బాండు రాసినవాడు తప్పితే, రాసిన సొమ్ము మొత్తం కట్టాల్సిందే. ప్రభుత్వంతో చేసుకున్న ప్రతి ఒప్పందమూ ప్రజాకర్తవ్యం కాదని కూడా ఆ చట్టమే వివరణ ఇచ్చింది. మా విద్యార్థి రోజుల్లో దీన్ని మార్కులకోసం బట్టీ పట్టాం. ఆ పల్లెనుంచి తిరిగివస్తున్నప్పుడు మొదటిసారి అర్థమైంది. నూటయాభై ఏళ్లనాటి చట్టం కూడా రెండు రకాల మాటలున్నాయని గుర్తించింది. వర్తకుడి మాట తప్పితే నష్టం ఎదుటి వర్తకుడికి, దాన్ని లెక్కగట్టవచ్చు. జనానికి ఇచ్చిన మాట తప్పితే నష్టం ఎవరికో పేరు పెట్టి చెప్పలేము, లెక్కగట్టలేము. అందుకే మొత్తం కట్టమంది. ఆ కట్టింది మాట తప్పినందుకు దండన. మాటకు ఖరీదు కాదు.

దండనను ఖరీదు అనుకోవటంలోనే మన తప్పంతా ఉంది. రైలులో టిక్కెట్టు లేకుండా పట్టుబడితే జరిమానా కడతాం. జరిమానా కట్టినవాడు నేనూ టిక్కెట్టు కొన్నవాడూ ఒకటే అంటే ఒప్పుకుంటామా?

ఈ బాండ్ల మీద డాక్టర్లు కోర్టుకు పోకుండా లేరు. మన తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ వంటి రాష్ట్రాల బాండ్లన్నిటి మీదా వచ్చిన దావాల్లో సుప్రీంకోర్టు 2019 ఆగస్టు 19న తీర్పు చెప్పింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు మన తెలుగువాడు. ప్రభుత్వం ప్రజాధనం ఖర్చుపెట్టి చదివిస్తున్నప్పుడు కొంతకాలం సేవ అడగటం తప్పు కాదని బాండ్లను సమర్థించారు. దేశమంతటికీ ఒకే విధమైన పద్ధతి ఉంటే బాగుంటుందని కూడా చెప్పారు. చట్టం సంగతి అక్కడితో తేలింది. మనసు సంగతి తేలలేదు.

ఆ పిల్ల నా మాటలన్నీ విని రెండు ఎదురుప్రశ్నలు వేసింది. రెండూ గట్టివే, దాచుకోకుండా రాస్తున్నాను.

మొదటిది: "సొమ్ము గీత అందరి బాండులోనూ ఒకటే. ఉన్నవాళ్లు కట్టి పోతారు. లేనివాళ్లు పల్లెలో పనిచేస్తారు. అంటే సేవ అనేది డబ్బు లేనివాళ్లు కట్టే పన్నా పెదనాయనా?" రెండోది: "ఇరవైనాలుగేళ్లప్పుడు పెట్టే సంతకం ఇది. ముప్పైఏళ్ల నేను ఎవరో నాకు ఇప్పుడు తెలియదు. అమ్మానాయనలకు ఏమవుతుందో తెలియదు. పెళ్లి తెలియదు. తెలియనిదాన్ని మాట ఇవ్వటం న్యాయమా?"

మొదటిదానికి నా దగ్గర వాదన లేదు. అది నిజం. నేను ఇప్పించిన బంగారం అప్పు దానికి సాక్ష్యం. బంగారం లేని ఇంటి డాక్టరు ఆ కొండ కిందికి పోయి ఉండేవాడు. దండనను డబ్బుతో కొలిచినంతకాలం అది ఉన్నవాడికి ఖరీదుగా, లేనివాడికి సంకెలగా ఉంటుంది. ఇది బాండు పద్ధతిలో ఉన్న లోపం. దాన్ని సరిచేసే దారి ఒకటి నాకు నచ్చుతుంది. ముందు పల్లె ఆస్పత్రుల్లో పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో కొన్ని ప్రత్యేకించటం. మన తమిళనాడులో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతి. నడుమన చిక్కుల్లో పడితే, రాష్ట్రాలకు అలా ప్రత్యేకించే అధికారం ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, బాండు సీటు అప్పులాంటిది. ముందు తీసుకుని తరువాత కట్టాలి, ఎగ్గొట్టే ఆశ ఉంటుంది. ఇది నెలనెలా కట్టే ఆర్‌డీ ఖాతా. ముందు కట్టి తరువాత తీసుకోవాలి. ఎగ్గొట్టటానికి ఏమీ ఉండదు.

రెండోదానికి మాత్రం నాకు జవాబు తోచింది. "తల్లీ, తెలిసినదానికి మాట ఎందుకు? రేపు తెల్లవారుతుందని ఎవరూ బాండు రాయరు. తెలియనిదాని ముందు నిలబడతాననేగా మాట ఇచ్చేది! పెళ్లిలో ఇచ్చేది అదే, పొలం గుత్తకు తీసుకున్నవాడు వాన రాకముందు ఇచ్చేది అదే. రేపు నిజంగా కాని పరిస్థితి వస్తే, మంచం పట్టిన తల్లి ఉంటే, పోయి చెప్పుకో, దండన కట్టు, సిగ్గుపడకు. అది విరిగిన మాట. విరిగిన మాటకు బాధ ఉంటుంది, క్షమ కూడా ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడే సొమ్ము కట్టి పోదామనుకోవటం విరిగిన మాట కాదు, ఇవ్వని మాట. అవతలివాళ్లు మాత్రం ఇచ్చావనుకుంటారు. నువ్వు తీసుకున్న సీటు, పోతానని నిజంగా అనుకున్న ఇంకొక పిల్లకు దక్కకుండా పోతుంది."

సైన్యం బాండుకూ ఇదే లెక్క. పేరుకోసమో, సీటు దొరుకుతుందనో సంతకం పెట్టి, రేపు ఎలాగో తప్పించుకుందామనుకుంటే, లేహ్‌లో తన వంతు దాటినా దిగిరాలేక ఇంకొక డాక్టరు ఉండిపోతాడు. అక్కడా ఒక కుర్చీ గోడవైపు తిరిగి ఉంటుంది.

అందుకని నేను ఆ పిల్లకు చెప్పిన సలహా ఒక్కటే. "ఈ రెండు కాగితాలూ ఇంటికి తీసుకుపో. సొమ్ము రాసి ఉన్న గీతమీద అరచెయ్యి పెట్టి మూసెయ్యి. ఆ గీత లేనట్టే చదువు. తప్పించుకునే దారి లేదు, చెప్పిన పని చెప్పినచోట చేయాల్సిందే అనుకుని చదువు. అప్పుడు దేనిమీద చెయ్యి ఆడుతుందో దానిమీద సంతకం పెట్టు. దేనిమీదా ఆడకపోతే రెండూ వదిలెయ్యి. పెట్టలేని సంతకం పెట్టకపోవటం కూడా మర్యాదే."

ఇలా చెప్పేటప్పుడు నా మనసులో ఏముందో దాచను. శివకాశి చెప్పాను, ముసలమ్మల మూలుగు చెప్పాను. ఆ పిల్ల ఇక్కడి కాగితమే తెస్తుందని అనుకున్నాను.

నాలుగోనాడు పొద్దున్నే వచ్చింది. "ఇక్కడి కాగితం మీద చెయ్యి పెడితే కింద నాకేమీ మిగల్లేదు పెదనాయనా. ఇన్నాళ్లూ ఆ గీతను చూసుకునే దీన్ని కావాలనుకున్నాననిపించింది. మూడేళ్లు చదివి, ఆ ఆస్పత్రి సొమ్ముతో బయటపడదామనే అనుకున్నా. అక్కడి కాగితం మీద చెయ్యి పెట్టినా పోవాలనే ఉంది. భయంగానే ఉంది, కానీ పోవాలని ఉంది" అంది.

వాళ్ల నాయన నావైపు చూశాడు. నేను ఆ చూపుకు తలవంచుకున్నాను. నా కోరిక ఓడిపోయింది, నా సలహా గెలిచింది. కాసేపటికి, "అట్లయితే పెట్టమ్మా" అన్నాడాయన. "నేను చెయ్యి అడ్డం పెట్టను."

ఇప్పుడు ఆ పిల్ల ఉత్తరాదిన ఒక సైనిక ఆస్పత్రిలో చదువుకుంటున్నది. హిందీ పట్టుబడుతోందట. వార్డులో ఒక జవాను నిద్రలో తెలుగులో కలవరిస్తే పోయి పలకరించానని ఫోనులో చెప్పింది. ఎక్కడివాడని అడిగితే శ్రీకాకుళం జిల్లా అన్నాడట.

మరి మన ముసలమ్మల సంగతి? విరుదునగరంలో, శివకాశిలో, మా వత్రాప్‌లో నిలబడే సర్జను సంగతి? ఆ ప్రశ్న అలాగే ఉంది. ఒక పిల్ల నిజాయితీగా అటు పోయినంతమాత్రాన ఇక్కడి కుర్చీ నిండలేదు. ఆ పిల్ల వదిలిన సీటులో ఎవరో చేరి ఉంటారు. వాళ్లు సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టారో నాకు తెలియదు. నిజంగా పోదామనుకుని పెట్టి ఉంటే, మూడేళ్ల తరువాత ఏదో ఒక పల్లెలో కుర్చీ ఇటు తిరుగుతుంది.

మన ఇళ్లల్లో కూడా ఇప్పుడు వైద్యం చదివే పిల్లలు ఉన్నారు. బాండు కాగితం ఇంటికి వచ్చినప్పుడు మనం మొదట వెతికేది ఆ సొమ్ము ఎంత అని. పూచీ పడే తండ్రిగానో, అప్పు ఇప్పించే చుట్టంగానో ఆ గీతమీద వేలు పెట్టి చూపించేది పిల్లలు కాదు, మనమే. నేను ఒకసారి చూపించాను. ఆ ఖాతా బ్యాంకులో ఎప్పుడో మూసేశాను. నా దగ్గర ఇంకా తెరిచే ఉంది.